ముప్పై ఒక్క గంటల నలభై నిమిషాలు

నాంపల్లి
మంగళవారం, పగలు పదిన్నర

మీకు,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకండి. నిన్న సాయంత్రం నుంచి మీకు ఒక సంగతి చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచాను. ఒకసారి నీళ్ళు కావాలా అని అడిగాను. ఒకసారి పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. మిగిలిన రెండుసార్లు తెరిచిన నోరు అట్లాగే మూసుకున్నాను. ఫోన్‌లో మెసేజ్ పెడదామంటే మీ ఫోన్ ఎప్పుడూ కౌంటర్ మీదే ఉంటుంది, ఎవరి కళ్ళయినా పడతాయి. గొంతు రికార్డు చేసి పంపుదామంటే నా గొంతు నాకే వినబుద్ధి కాదు. అందుకే ఈ కాగితం. ఏడో తరగతిలో ఆగిపోయిన చదువు, తప్పులుంటే సర్దుకుని చదవండి. దీన్ని మడిచి మీ అన్నం డబ్బాలో పై గిన్నెలో, పచ్చడి ఉండే చోట పెడుతున్నాను.

సోమయాజులు గారి ఆట చెరిపేసింది జనార్దన్ గారు కాదు. నేను.

ఇది రాశాక మళ్ళీ చదువుకున్నాను. అదే నిజం కాబట్టి కొట్టివేయడం లేదు.

నిన్న మీరు అన్నం ముందు కూర్చుని చెప్పిందంతా విన్నాను. ఆ పెద్దాయన రిపేరుకు ఇచ్చిన వీడియో గేమ్ మెషిన్ తీసుకుపోవడానికి వచ్చారనీ, ఎప్పటిలాగే మీరు కౌంటర్ మీద టీవీకి పెట్టి చూపించారనీ, ఆయన రెండు వందల పన్నెండు గంటలు ఆడి దాచుకున్న ఆట అందులో లేదనీ, ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారనీ చెప్పారు. “ముసలోనికి కండ్లు కానొస్తలేవు, చేతులు వణుకుతున్నయ్. ఇంకేం రిపేరు జేస్తడు? శనారం దాంక జూసి పంపిచ్చేస్త” అని జనార్దన్ గారి గురించి అన్నారు. ఆయన ఏమన్నారని అడిగాను. “ఏమంటడు? నా చేతులనే పోయినట్టుంది సేటూ అన్నడు” అన్నారు. నేను సగం అన్నం వదిలేసి లేచాను. మీరు చూసే ఉంటారు.

రిపేరైన ఏ మెషిన్‌నూ గంటల కొద్దీ నడిపి చూడనిదే మీరు మనిషికి ఇవ్వరు. దుకాణంలో కరెంటు నిలకడగా ఉండదని ఇంటికి తెస్తారు. ఏదో ఒక ఆట పెట్టి వదిలెయ్యడం, వేడెక్కి ఆగిపోతే ఎన్ని గంటలకు ఆగిందో రాయడం నా పని. రెండేళ్ళుగా ఆ పని చేస్తున్నాను. ఏనాడూ రిమోట్ ముట్టుకోలేదు. సోమయాజులు గారి మెషిన్ మాత్రం ఒకసారి బాగై మళ్ళీ అదే రోగంతో వచ్చిందని, ఆయన కూడా తణుకులో పెళ్ళికి వెళ్ళారని, ఈసారి పది రోజులు నడపమన్నారు.

ఆ సంచిలో ఒక నోటుపుస్తకం ఉంది. మీరు చూడలేదు. గుండ్రటి తెలుగు అక్షరాలతో, పెన్సిలుతో గీసిన దారులతో సగం పైన నిండి ఉంది. ఏదో ఊరి సంగతులు కాబోలని చదివాను. “ఈ ఊళ్ళో ప్రతివాడితోనూ రెండుసార్లు మాట్లాడాలి. మొదటిసారి మర్యాదకి ఏదో చెబుతాడు. రెండోసారి అసలు సంగతి చెబుతాడు.” ఇంకో పేజీలో, “తొందరపడకు. నువ్వు తేల్చుకునే దాకా శత్రువు కూడా ఆగుతాడు.” తల ఎత్తి చూస్తే టీవీలో అదే ఊరు. పుస్తకంలో ఉన్న బావి, బావి పక్కన గాడిద, గాడిద వెనక మెట్లు. ఒక్క మెట్టు ఎక్కి చూద్దామనుకున్నాను.

మొదటి నుంచి మొదలుపెట్టాను. రెండో రోజు ఒక సత్రంలో దీపం దగ్గరికి వచ్చాను. ఇంతవరకు ఆడింది దాచుకునే చోటు అదేనని పుస్తకంలో ఉంది. వరుసలు కనిపించాయి. మొదటి వరుస మీద నొక్కాను. ఇంగ్లీషులో ఒక వాక్యం, కింద రెండు మాటలు వచ్చాయి. ఆ రెండు మాటలు నాకు చదవడం వచ్చు, ఔను, కాదు. పైన వాక్యం రాదు. నన్ను ఎవరేమి అడిగినా ఔననడమే నాకు అలవాటు. ఔనన్నాను. ఆ వరుస ఆయనది. దాని మీద నా ఆట పడి ఆయనది పోయింది.

నిన్న మీరు ఇంటికి ఏ మెషినూ తేలేదు. రాత్రి చేతులు కడుక్కుంటూ, “పగటిపూట ఏం జేస్తున్నవ్ ఈ నడుమ?” అని అడిగారు. ఏం లేదన్నాను. అది కూడా అబద్ధమే.

జనార్దన్ గారు డబ్బాకు వచ్చే వేళైంది.

మీ సుధ

*

నాంపల్లి
గురువారం, మధ్యాహ్నం

మీకు మళ్ళీ,

మంగళవారం ఉత్తరం మీకు అందలేదు. అది బియ్యం డబ్బా కింద ఉంది. ఎందుకు అందలేదో చెబుతాను.

ఎవరి మీద పడ్డ నిందను తుడవాలని ఉత్తరం రాశానో ఆయన చేతికే ఆ డబ్బా ఇవ్వాలి. రాసేటప్పుడు ఆ ఆలోచనే రాలేదు. ఖైరతాబాద్ నుంచి వస్తూ రోజూ మన గుమ్మం ముందు ఆగి డబ్బా పట్టుకుపోయేది ఆయనే కదా. మంగళవారం కూడా మెట్ల కిందనుంచే కేక వేశారు.

“సుధమ్మా, డబ్బా అయ్యిందా? నీ పచ్చిపులుసు వాసనకు టేషన్ కాడనే బస్సు దిగబుద్దయితది.”

డబ్బా ఇచ్చాను. ఆయన నాలుగు మెట్లు దిగారు. అప్పుడు గాని నాకు తట్టలేదు. పరుగెత్తి వెళ్ళి డబ్బా లాక్కున్నంత పని చేశాను. పచ్చడి మరిచిపోయానని చెప్పి మెట్ల మీదే పై గిన్నె తీశాను. కాగితం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఆయన చూశారు.

“పచ్చడి కాయితంల గడుతున్నవా?” అని నవ్వారు. తరవాత నవ్వు ఆపి, “నాలుగు రోజులైతే ఇగ నేను రాను గద బిడ్డా. ఇంకెవలితోనన్న పంపుకోవాలె. మూత జర గట్టిగ బెట్టు, సేటుకు పులుసు సంచిల కారితే కోపమొస్తది” అన్నారు.

ఉద్యోగం పోతున్న మనిషి మీ సంచిలో పులుసు కారకూడదని చెబుతున్నాడు. నేను తల ఊపాను. తల ఊపడం తప్ప నాకు ఏమొచ్చు? ఆయన వీధి మలుపు తిరిగే దాకా మెట్ల మీదే నిలబడ్డాను. అప్పుడైనా పిలవవచ్చు. పిలవలేదు.

నిన్న మీరు కొత్త మనిషిని మాట్లాడామన్నారు. “కోఠిల చేసేటోడు. సోమవారం నుంచి వస్తడు” అన్నారు. రోజులు దగ్గర పడుతున్నాయి. నేనేమో ఉత్తరం మీద ఉత్తరం రాసి దాచుకుంటున్నాను.

మీకు కోపం వస్తుందని మాత్రమే ఆగానంటే పూర్తి నిజం కాదు. “గా ఆటల ఏముందే?” అని మీరు అడుగుతారు. దానికి జవాబు చెప్పలేనని ఆగాను. ఇప్పుడు ఆ జవాబు రాస్తాను. మీరు రోజుకు నలుగురికి ఆ ఆటలు అమ్ముతారు, కానీ మీరు ఆడగా నేను చూడలేదు.

బడిలో నన్ను లేపి ప్రశ్న అడిగేవారు. జవాబు తెలుసు. నోట్లోకి తెచ్చుకునే లోపల ప్రశ్న పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయేది. ఏడేళ్ళు అట్లా జరిగింది. ఇక పోనని అమ్మతో అన్నాను, అమ్మ సరేనంది. గౌలిగూడలో మా ఇంట్లో కూడా అంతే. అందరూ ఒకేసారి మాట్లాడేవారు. నా మాట వచ్చే సరికి విషయం మారిపోయేది. మీతోనూ అంతేనని మీకు తెలుసు. మీరు చెడ్డగా ఏమీ అనరు, కానీ ఆగరు.

ఆ ఆట ఆగింది. గడ్డిలోంచి ఒక రాతి తాబేలు ఎదురు వచ్చింది. మా వాళ్ళు నలుగురు, అది ఒక్కటి. నా వంతు వచ్చింది. బొమ్మలు చూపి అడిగింది, కొట్టాలా, కాచుకోవాలా, మందు ఇవ్వాలా, పారిపోవాలా? నేను లేచి వెళ్ళి కుక్కర్ దించి వచ్చాను. తాబేలు అక్కడే నిలబడి ఉంది. ఊగుతూ ఉంది గాని కొట్టలేదు. నేను నొక్కిన తరవాతే కొట్టింది. నాకు ఏడుపు వచ్చింది. తాబేలును చూసి ఏడ్చిందని ఎవరికీ చెప్పకండి.

యుద్ధమంటే దబదబ కొట్టుకోవడమని అనుకునేదాన్ని. ఇది అట్లా కాదు. ఎవరికి ఏది పడదో కనిపెట్టాలి. తాబేలుకు కత్తి తగలదు, నీళ్ళు పోస్తే కూలుతుంది. సరిగ్గా కనిపెట్టి కొడితే ఇంకో వంతు మనకే ఇస్తుంది. వంతెన మీద ఒక రాతి ఎద్దు ఉంది. అది నన్ను ఆరుసార్లు ఓడించింది. మొదటిసారి ఓడినప్పుడు, పెద్ద దెబ్బకు ముందు అది తల దించుతుందని తెలిసింది. రెండోసారి, తల దించినప్పుడు అందరూ కాచుకోవాలని తెలిసింది. మూడోసారి కాచుకున్నా పోయాం, ఎందుకంటే వెనక నిలబడే సన్నటి పిల్లను నేను ఎప్పుడూ చివరన ఉంచేదాన్ని. ఆ పిల్ల ఎవరినీ కొట్టదు. దెబ్బ తిన్నవాళ్ళను లేపుతుంది, అంతే. పెద్దాయన పుస్తకం చూస్తే, “వెనక ఉన్న పిల్లకి ముందు వంతు ఇవ్వాలి. ఇది తెలియక నేను నెల రోజులు పోగొట్టుకున్నాను” అని ఉంది. ఏడోసారి ఎద్దు పడింది. ఆ రోజు మీకు సేమ్యా పాయసం చేశాను. ఏం పండగని అడిగారు, ఊరికే అన్నాను.

ఓడిపోతే ఎవరూ తిట్టరు. ఓడిన ప్రతిసారీ ఒక సంగతి చేతికి వస్తుంది. అందులో ఉన్న సుఖం అది. నిజం మనుషులతో నేను ఓడినప్పుడు చేతికి ఏమీ రాదు.

ఇక తిరగడం గురించి. పెళ్ళయిన రెండేళ్ళలో మీ స్కూటర్ వెనక ఆబిడ్స్‌లో మన దుకాణానికి ఎన్నోసార్లు వచ్చాను. నాకు కనిపించింది మీ వీపు. ఆటలో నేనే ముందు నడవాలి. నడిచిన మేరకే దారి పటంలో వెలుగుతుంది, మిగతాది చీకటి. దూరాన కొండ మీద ఏదో మెరుస్తుంది, పోయే దారి ఉండదు. మూడు రోజుల తరవాత ఇంకెక్కడి నుంచో దిగి వస్తే అది ఆ కొండే అని తెలుస్తుంది. అప్పుడు ఎంత బాగుంటుందో. ఎక్కడికి పొమ్మని రాసి ఉంటుందో నేను చదవలేను, కాబట్టి అన్ని చోట్లకూ పోయాను. చదవడం రానందువల్ల ఎక్కడికి పోకూడదో కూడా నాకు తెలియలేదు. ప్రతి గోడా తడిమాను. ప్రతి తలుపూ తట్టాను. నన్ను చూసి నేనే ఆశ్చర్యపోయాను.

ఇంత సుఖం దొంగతనంగా పొందాను. దాని ఖర్చు జనార్దన్ గారు కడుతున్నారు. అదీ నా బాధ.

నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. మొదటి పేజీలో చిరాగ్ అలీ లేన్ అడ్రసు రాసి ఉంది. రేపు జనార్దన్ గారు డబ్బా తీసుకుపోగానే నేను అక్కడికి వెళతాను. ఆ పెద్దాయనకు నేనే చెబుతాను. ఆయన జనార్దన్ గారి మీద కోపం వదిలితే మీరు కూడా వదులుతారని నా ఆశ. మీకు చెప్పకుండా వెళుతున్నాను. ఇంతవరకు మీకు చెప్పకుండా ఉప్పు ప్యాకెట్టు కూడా కొనలేదు.

మీ సుధ

*

నాంపల్లి
శనివారం, పొద్దున

శశికిరణ్ గారికి,

మీ పేరు రాయడం ఇదే మొదలు. పలకడం ఇంకా రాలేదు.

ఇది మూడో ఉత్తరం. పాత రెండూ దీనితోపాటే పై గిన్నెలో ఉన్నాయి. వరుసగా చదివి ఇక్కడికి రండి.

నిన్న వెళ్ళాను. స్టేషన్ రోడ్డు పట్టుకుని నడిచాను. ఆటోవాళ్ళు పిలుస్తుంటే తల వంచుకున్నాను. రెండుచోట్ల దారి తప్పాను. ఒక బట్టల కొట్టు అతన్ని అడిగితే చెయ్యి ఊపి ఎటో చూపించాడు. కాస్త దూరం పోయి, వెనక్కి వచ్చి అతన్నే మళ్ళీ అడిగాను. రెండోసారి కొట్టు బయటికి వచ్చి, “సీదా పోయి, మెడికల్ షాపు కాడ లెఫ్ట్ తిరుగమ్మా” అని సరిగ్గా చెప్పాడు. పుస్తకంలో రాసింది నిజమే.

తలుపు సోమయాజులు గారి భార్య తీశారు. కమలకుమారి గారట. నేను పుస్తకం ముందుకు చాపాను. ఆవిడ లోపలికి తిరిగి, “ఏవండీ, మీ రామకోటి దొరికింది!” అని కేకేశారు. ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, పుస్తకం చూసి, నన్ను చూశారు.

“ఎవరమ్మాయివి నువ్వు?”

“మెషిన్ షాపు వాళ్ళ ఇంటావిడని” అన్నాను. తరవాత కళ్ళు మూసుకుని, “మీ ఆట చెరిపింది నేనే” అన్నాను. మీకు నాలుగు రోజులుగా చెప్పలేనిది ఒక గడపలో నిలబడి ఒక్క ఊపిరిలో అన్నాను.

ఆయన క్షమించారని అనుకోకండి. ఆయన మొహం ఎర్రబడింది. “రెండు వందల పన్నెండు గంటలమ్మా! రిటైరయ్యాక నేను చేసిన పని అదొక్కటే. చివరి కోట గుమ్మం దాకా వెళ్ళాను” అన్నారు.

“వెళ్ళి ఏడాదైంది” అన్నారు కమలకుమారి గారు వంటింట్లోంచి. “గుమ్మం దగ్గర నుంచుని వెనక్కొచ్చేస్తారు. ఇవాళ ఫలానా ఊళ్ళో ఫలానా వాడితో మాట్లాడాలంటారు. లోపలికెళితే ఆట అయిపోతుందని భయం. చెరిపేసి మంచి పని చేశావమ్మాయ్, కాఫీ తాగుతావా?”

“నువ్వూరుకో కమలా!” అని ఆయన విసుక్కున్నారు. కానీ ఆవిడ అన్నది తగిలిందని తెలుస్తూనే ఉంది. ఆయన టీవీ పెట్టి, ఆట తెరిచి, ఆ మొదటి వరుస చూపించారు. “ఈ చోటేమిటి? ఈ గుహ ఎక్కడ? నా పుస్తకంలో లేదే!”

పిండిమర వెనక గోడలో సందు ఉందని చెప్పాను. అక్కడ ఏమీ లేదని రాసి ఉన్న పలకను చదివి ఆయన ఎప్పుడూ వెనక్కి తిరిగేవారట. నేను చదవలేదు కాబట్టి దూరాను. “ఏదీ, చూపించు” అని రిమోట్ నా చేతిలో పెట్టారు.

లోపల ఒక తేలు ఎదురు వచ్చింది. ఆయన కుర్చీ అంచుకు జరిగి, “నిప్పు, నిప్పు వెయ్యి! కాదు, కత్తివాణ్ణి ముందుకు తే! అబ్బ, చూస్తావేమిటమ్మా, నొక్కు!” అని నా చెవి పక్కనే అరుస్తున్నారు.

“ఆగండి, ఇది నా వంతు” అన్నాను.

నా గొంతే అది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను మొదట వెనక పిల్లకు పని చెప్పాను, తరవాత మిగతావాళ్ళకు చెప్పాను. తేలు పడింది. ఆయన కుర్చీలో వెనక్కి జరిగి, “సరే” అన్నారు. అంతే అన్నారు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. జనార్దన్ గారి మీద దయచేసి కోపం పెట్టుకోవద్దని అడిగాను. ఆయన వింతగా చూశారు. “ఆయన మీద నాకు కోపమెందుకు? ఆయన చెరిపాడని నేనెప్పుడన్నాను? ఎవరో ఆడారు, ఎవరని మాత్రం అడిగాను. ఇది చూడు” అని ఆ వరుస కొసన ఉన్న అంకెల మీద వేలు పెట్టారు. ముప్పై ఒకటి, పక్కన నలభై. అవేవో మార్కులని నేను అనుకునేదాన్ని. అవి గంటలట. ఈ వరుసలో ఉన్న మనిషి ఎంతసేపు ఆడిందో లెక్కట. “మీ మెకానిక్కు ఆ మెషిన్ ఒక్కరోజు ఉంచుకున్నాడు. ముప్పై ఒక్క గంటలు ఎప్పుడు ఆడతాడమ్మా? మీ ఆయన నా ముందే ఇక్కడ వేలు పెట్టి చూశాడు. చూసి, టీవీ కట్టేసి, ఆయన మీద అరిచాడు. నాకేమీ అర్థం కాలేదు.”

నాకు అర్థమైంది. కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

మీకు తెలుసు. సోమవారం పగలే తెలుసు. ఆ మెషిన్ పది రోజులు ఎవరి దగ్గర ఉందో మీకు కాక ఎవరికి తెలుసు? అందుకే మళ్ళీ మెషిన్ తేలేదు. అందుకే పగలేం చేస్తున్నావని అడిగారు. నేను ఏం లేదంటే ఊరుకున్నారు. అయిదు రోజులు మనం ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. నా నోటి వెంట వస్తుందేమోనని మీరు చూశారు. మీ కోపానికి భయపడి నేను దాచుకున్నాను. ఇద్దరి మధ్యా జనార్దన్ గారి పేరు పెట్టుకుని తిన్నాం.

నడిచి ఇంటికి వచ్చేటప్పుడు మీ మీద చాలా కోపం వచ్చింది. తరవాత ఆలోచించాను. నలుగురిలో, మా ఇంటావిడ మీ సామాను ముట్టుకుందని చెప్పడం మీకు నామోషీ అయి ఉంటుంది. దగ్గర ఉన్న పేరు నోట్లోంచి వచ్చేసింది. వచ్చిన మాట వెనక్కి తీసుకోవడం మీకు చేతకాలేదు. ముందుకు మాట్లాడటం నాకు చేతకాలేదు. ఇద్దరం ఒకటే.

ఇంకొకటి కూడా ఉంది. జనార్దన్ గారు ఈరోజు ముందే వచ్చారు, ఆఖరు రోజని. గుమ్మంలోనే ఆయనకు చెప్పేశాను. ఆయన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు.

“నాకెరుకే బిడ్డా. అంకెలు నాక్కూడ కానొస్తయి. కండ్లు అంత ఖరాబ్ గాలే.”

“మరి ఎందుకు ఒప్పుకున్నారు?”

“ఇంట్ల ఆడపిల్ల పేరు దుకాణంల నలుగురి నడుమ ఎట్ల తీస్త? సేటు నన్ను చూసి ఒర్రుతున్నప్పుడే గాయన మొఖం జూసిన. నా దిక్కు జూస్తలేడు. అప్పుడే సమజైంది. ఏదో కోపం, రెండు రోజులైతే పోతదనుకున్న. పోలే.” తరవాత మెల్లగా, “ఇరవై రెండేండ్లాయె, గాయన నాయిన టీవీలు బాగుచేసేటప్పటి సంది” అన్నారు.

ఆయన ఇప్పుడు మన వాకిట్లో కూర్చుని టీ తాగుతున్నారు. నేను ఇది రాస్తున్నాను. “సుధమ్మా, ఎంత పొడుగు పచ్చడమ్మా అది?” అని అడుగుతున్నారు.

ఈ ఉత్తరం మడవడం లేదు. గిన్నె మూత తీసి దారిలో చదువుకోమని ఆయనకే చెబుతాను. కాబట్టి మీరు చదివే సరికి ఎదురుగా ఉన్న ఆయన కూడా చదివి ఉంటారు. మీరు దీన్ని జేబులో పెట్టుకుని దాచడానికి వీలుండదు. ఇది నేను కావాలనే చేశాను.

ఒంటిగంటన్నరకు నేను దుకాణానికి వస్తున్నాను. నడిచే వస్తాను, నిన్న వెళ్ళింది ఆ వైపే, దారి తెలుసు. పక్క దుకాణాల వాళ్ళుంటారు, కొనడానికి వచ్చినవాళ్ళుంటారు. సోమవారం ఎంతమంది ఉన్నారో ఇంచుమించు అంతమంది ఉంటే మంచిది. చెరిపింది నేనని నేను చెబుతాను. నాకేమవుతుందో అవుతుంది, అది నాది. కానీ సోమవారం మీరన్న మాట నేను తీయలేను, అది అన్నవాళ్ళే తీయాలి. అందుకని నేను రాగానే మాట్లాడను. స్టూలు మీద కూర్చుంటాను. మొదటి వంతు మీది.

తొందరలేదు, తేల్చుకోండి. ఎంతసేపైనా ఆగుతాను, ఆగడం నాకు వచ్చు. కానీ మీ వంతు మీరు వదిలేసుకుంటే, తరవాత వచ్చేది నాది.

ఈరోజు పులుసు మూత గట్టిగా పెట్టాను.

సాయిసుధ